సికింద్రాబాదులో అద్దె ఇంటి అమరిక

అద్దె ఇంటి అమరిక అనగా కొత్తగా అద్దెకు తీసుకున్న ఇంటిలో మంచము, పరుపు, వంట సామాను, బీరువా, దీపాలు, పరదాలు మొదలైనవి సమకూర్చుకొని, ఆ ఇంటిని నివాసానికి అనువుగాను, చూపుకు ఇంపుగాను తీర్చిదిద్దుకొనే పని. సికింద్రాబాదులో ఈ అవసరం ఎక్కువగా తొలి ఉద్యోగంలో చేరినవారికి, కొత్తగా పెళ్ళయిన దంపతులకు, చదువుకోసం వచ్చి గది తీసుకొనే విద్యార్థులకు, బదిలీపై వచ్చే రైల్వే మరియు సైనిక ఉద్యోగులకు కలుగుతుంది. వీరిలో చాలామందికి చేతిలో ఉండే సొమ్ము తక్కువ. పైగా ఇక్కడి అద్దె ఒప్పందాలు సాధారణంగా పదకొండు నెలలకు మాత్రమే వ్రాసుకుంటారు. అందువలన అద్దె ఇంటికి కొనే వస్తువు ఆ ఇంటికి సరిపోవడం ఎంత ముఖ్యమో, ఇల్లు మారినప్పుడు విరగకుండా, ఎక్కువ ఖర్చు లేకుండా వెంట రావడం కూడా అంతే ముఖ్యం. సొంత ఇంటి అమరికకు, అద్దె ఇంటి అమరికకు ఉన్న ప్రధానమైన తేడా ఇదే.

నేపథ్యము

సికింద్రాబాదు 1806లో బ్రిటిషు సైనిక స్థావరంగా ఏర్పడింది. మూడవ నిజాము సికందర్ జా పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. సైనికాధికారులు, వారికి సరుకులు అందించే వర్తకులు, తరువాత రైల్వే ఉద్యోగులు, ఇలా మొదటి నుండి ఈ ఊరికి బయటి ప్రాంతాలవారు వచ్చి స్థిరపడుతూ ఉన్నారు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాదు దానికి ప్రధాన కేంద్రమైన తరువాత ఉద్యోగుల రాకపోకలు మరింత పెరిగాయి. చిలకలగూడ, సీతాఫల్‌మండి, వారాసిగూడ, మెట్టుగూడ, పద్మారావునగర్, మారేడుపల్లి, తార్నాక, మల్కాజిగిరి వంటి చోట్ల అద్దె ఇళ్ళలో ఉండే కుటుంబాలు ఎక్కువ.

పాత ఇళ్ళలో పెద్ద ఇంటిని భాగాలు చేసి ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క కుటుంబానికి అద్దెకు ఇచ్చేవారు. ఈ భాగాన్ని ఇప్పటికీ "పోర్షన్" అనే అంటారు. పాత ఇళ్ళ గోడలు మందంగా ఉండి, వాటిలోనే దీపపు గూళ్ళు, చెక్క తలుపుల అలమరలు ఉండేవి. గది పైభాగాన సామాను పెట్టుకొనే అటక ఉండేది, దీనినే సజ్జ అని కూడా అంటారు. నేలకు షాబాదు బండలు పరిచేవారు. వేసవిలో చల్లగా ఉండే ఆ నేల మీద చాప వేసుకొని కూర్చోవడం, పడుకోవడం అలవాటు కావడం వలన కుర్చీల అవసరం అంతగా ఉండేది కాదు. అనగా పాత ఇంటిలో సామాను చేయవలసిన పనిలో కొంత భాగాన్ని గోడ, నేల చేసిపెట్టేవి.

1980ల నుండి జంట నగరాలలో అపార్టుమెంట్ల నిర్మాణం పెరిగింది. వీటిని క్రమబద్ధం చేయడానికి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1987లో అపార్టుమెంట్ల చట్టం చేసింది. అపార్టుమెంట్ల గోడలు సన్ననివి. వాటిలో గూళ్ళు ఉండవు. యజమాని చెక్క అరలు చేయించి ఉంటే తప్ప బట్టలు, పుస్తకాలు, గిన్నెలు పెట్టుకోవడానికి ప్రతి దానికీ ఒక వస్తువు కొనవలసి వస్తుంది. తొలిసారి ఇల్లు తీసుకున్నవారి ఖర్చు అనుకున్నదానికన్నా పెరగడానికి ఇది ఒక కారణం. అందుచేత ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు గదుల సంఖ్యతో పాటు అలమరలు, అటక, వంటగదిలో గట్టు క్రింద అరలు ఉన్నాయో లేదో చూడడం మంచిది. అద్దె కొద్దిగా ఎక్కువైనా అరలు ఉన్న ఇల్లు బీరువా ఖర్చును తప్పిస్తుంది.

ఇనుప బీరువాకు తెలుగు ఇళ్ళలో ప్రత్యేక స్థానం ఉన్నది. గోద్రెజ్ సంస్థ 1923లో ఉక్కు బీరువాల తయారీ మొదలుపెట్టింది. హైదరాబాదులో 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్ స్థాపించబడింది. లోహపు సామానుతో మొదలై బస్సు బాడీలు, రిఫ్రిజిరేటర్లు, చేతి గడియారాలు తయారుచేసిన ఈ సంస్థ తరువాతి కాలంలో మూతపడినా, కూకట్‌పల్లి దగ్గరి ఆల్విన్ కాలనీ పేరులో దాని గుర్తు మిగిలి ఉన్నది.

ఒప్పందము, అడ్వాన్సు

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒక సంవత్సరానికి మించిన కాలానికి వ్రాసుకొనే స్థిరాస్తి కౌలు పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చును, శ్రమను తప్పించుకోవడానికి పదకొండు నెలల ఒప్పందం వాడుకలోకి వచ్చింది. గడువు ముగిసిన తరువాత అద్దె పెంచి ఒప్పందాన్ని పొడిగించడం పరిపాటి. యజమానికి ఇల్లు అవసరమైతే ఖాళీ చేయవలసి ఉంటుంది.

ఇంటిలో చేరే ముందు కొన్ని నెలల అద్దెను అడ్వాన్సుగా ఇవ్వాలి. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని ఉన్నది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన సొంత చట్టంగా చేసుకున్నప్పుడే అమలులోకి వస్తుంది.

సామాను బడ్జెట్ వేసుకొనేటప్పుడు అడ్వాన్సును మరచిపోవడం తరచు జరుగుతుంది. ఉదాహరణకు నెలకు 25,000 రూపాయల జీతం గల వ్యక్తి 8,000 రూపాయల అద్దెకు ఇల్లు తీసుకున్నాడనుకుంటే, రెండు నెలల అడ్వాన్సు 16,000, మొదటి నెల అద్దె 8,000 కలిపి 24,000 రూపాయలు అవుతుంది. ఒక చెంచా కూడా కొనకముందే ఒక నెల జీతం దాదాపుగా అయిపోయినట్లే. కాబట్టి సామాను మొత్తం ఒకేసారి కొనాలనుకొంటే అప్పు తప్పదు.

అడ్వాన్సు తిరిగి వచ్చే సొమ్ము గనుక దానిని కాపాడుకోవడం కూడా బడ్జెట్‌లో భాగమే. ఇంటిలో చేరిన రోజునే గోడలు, తలుపులు, కుళాయిలు, స్విచ్చులు, స్నానాల గది స్థితిని ఫోటోలు తీసి ఉంచుకోవాలి. ఫాన్లు, ట్యూబులైట్లు, గీజరు వంటివి యజమానివా, అద్దెకున్నవారు తెచ్చుకోవాలా అనే విషయం పత్రంలో వ్రాయించుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు క్రింద కొంత సొమ్ము మినహాయించుకొనే యజమానులు ఉన్నారు. గోడకు మేకులు కొట్టడానికి, రంగు మార్చడానికి అనుమతి ఉన్నదో లేదో ముందే అడిగి తెలుసుకుంటే తరువాత వాదన ఉండదు.

కొలతలు

ఏ వస్తువు కొనడానికైనా ముందు టేపు కొనడం మంచిది. అపార్టుమెంట్లలో చిన్న పడకగది సుమారు 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉంటుంది. అనగా 100 చదరపు అడుగులు. ఇందులో 5 అడుగుల వెడల్పు, 6¼ అడుగుల పొడవు గల డబుల్ మంచం వేస్తే 31 చదరపు అడుగులు, 3 అడుగుల వెడల్పు గల బీరువా పెడితే మరో 5 చదరపు అడుగులు పోతాయి. బీరువా తలుపులు తెరవడానికి, మనిషి నడవడానికి చోటు వదిలితే ఇక మిగిలేది స్వల్పం.

దీనికి బదులు 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గల రెండు సింగిల్ మంచాలు కొనడం పలువురు పాటించే పద్ధతి. రెండింటినీ కలిపి వేస్తే 6 అడుగుల మంచం అవుతుంది. విడదీస్తే ఒకటి ముందు గదిలో దివానుగా పనికివస్తుంది. బంధువులు వచ్చినప్పుడు కూడా ఇబ్బంది ఉండదు. ముఖ్యంగా ఇవి ఇరుకైన మెట్ల మీదుగా ఎక్కుతాయి, తరువాతి ఇంటిలో ఏ గదిలోనైనా పడతాయి.

కొలవవలసినవి గది ఒక్కటే కాదు. పడకగది గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోపలి ఎత్తు కూడా చూడాలి. ఇల్లు మారడానికి ఎక్కువగా వాడే ట్రాలీ ఆటో లేదా టాటా ఏస్ వంటి చిన్న లారీ తొట్టి సుమారు 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటుంది. ఇంటి సామాను అంతా అటువంటి బండిలో ఒక్క విడతలో పట్టేటట్లు ఉంటే ఇల్లు మారే ఖర్చు అదుపులో ఉంటుంది. తొలి ఇంటికి ఎంత సామాను కొనాలనే ప్రశ్నకు ఇది సులభమైన కొలమానం.

కొనుగోలు క్రమము

తక్కువ సొమ్ముతో ఇల్లు అమర్చుకోవడంలో ఏమి కొనాలన్నదానికన్నా ఏది ముందు కొనాలన్నది ముఖ్యం. సాధారణంగా ఈ క్రింది క్రమం అనుకూలంగా ఉంటుంది.

* మొదటి రోజు: తాళం, చీపురు, బక్కెట్టు, మగ్గు, నీళ్ళ డ్రమ్ము, త్రాగునీటి బిందె, దీపాలు, చాప లేక పరుపు, దుప్పట్లు.
* మొదటి వారం: పొయ్యి, కుక్కరు, గిన్నెలు, పచారీ సరుకులకు డబ్బాలు, బట్టలు ఆరవేసుకొనే తాడు.
* మొదటి మూడు నెలలు: మంచం, రెండు కుర్చీలు, మడత బల్ల, బట్టలు పెట్టుకొనే అమరిక, పరదాలు.
* ఆ తరువాత: బీరువా, రిఫ్రిజిరేటరు, వాషింగ్ మెషీను, టీవీ, సోఫా.

నీళ్ళు మొదటి రోజు జాబితాలో ఉండడానికి కారణం ఉన్నది. 1989లో ఏర్పడిన హైదరాబాదు మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి సరఫరా చేసే నీరు చాలా ప్రాంతాలకు రోజు విడిచి రోజు, కొద్ది గంటలు మాత్రమే వస్తుంది. మిగిలిన వేళలలో బోరు నీరే ఆధారం. ఆ నీటిలో లవణాలు ఎక్కువగా ఉండడం వలన పాత్రలకు, కుళాయిలకు తెల్లని పొర కడుతుంది. కుళాయి నీరు పట్టి నిలవ ఉంచుకొనే పాత్రలు లేనిదే వంట కూడా సాగదు.

నాలుగవ విడతను వెనుకకు నెట్టడంలో మరొక ప్రయోజనం ఉన్నది. కొన్ని నెలలు ఆ ఇంటిలో ఉన్న తరువాతనే ఎండ ఏ కిటికీ నుండి వస్తుందో, వాన జల్లు ఎక్కడ కొడుతుందో, ప్లగ్గులు ఎక్కడ ఉన్నాయో, నిజంగా ఏ వస్తువు లేక ఇబ్బంది పడుతున్నారో తెలుస్తుంది. మొదటి వారంలో అత్యవసరమని తోచిన సోఫా మూడు నెలల తరువాత అనవసరమని తోచవచ్చు.

ఇద్దరు ఉండే ఇంటికి 30,000 రూపాయలు కేటాయిస్తే దానిని ఈ విధంగా పంచుకోవచ్చు. ఇది నమూనా మాత్రమే. ధరలు కాలాన్ని బట్టి, దుకాణాన్ని బట్టి మారుతాయి.

* నీటి పాత్రలు, శుభ్రత సామాను: 2,000
* పరుపులు, సాదా మంచాలు, దుప్పట్లు: 9,000
* పొయ్యి, గ్యాసు, కుక్కరు, గిన్నెలు: 9,000
* దీపాలు, ఫాను: 3,000
* మడత బల్ల, కుర్చీలు: 2,500
* బట్టల అమరిక, పరదాలు: 2,500
* అనుకోని ఖర్చులకు: 2,000

పడక

పరుపులలో దూది పరుపు, కొబ్బరి పీచు పరుపు, ఫోము పరుపు అని రకాలు ఉన్నాయి. దూది పరుపు ధర తక్కువ. కొంత కాలానికి అణగిపోయినా దూదిని మళ్ళీ ఏకించి, కొత్త గుడ్డలో కుట్టించుకోవచ్చు. దానిని తరచు ఎండలో వేయాలి. కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉండి గాలి ఆడుతుంది. ఫోము పరుపు తేలికైనది కాని తక్కువ రకం త్వరగా గుంటపడుతుంది.

మంచం కొనడానికి సొమ్ము లేనప్పుడు చాప మీద పరుపు వేసుకోవచ్చు. అయితే నేల మీద ఎప్పుడూ అదే చోట పరుపు ఉంచితే క్రింది భాగం చెమ్మగిల్లి బూజు పడుతుంది. ప్రతి ఉదయం చుట్టిపెట్టే పాత అలవాటు వెనుక ఉన్న కారణం చోటు కలిసిరావడమే కాదు, ఈ చెమ్మ కూడా. ఇనుప మడత మంచం, నవారు మంచం తేలికైనవి, ఇల్లు మారడానికి అనుకూలమైనవి. నవారు వదులైతే బిగించుకోవచ్చు, చిరిగితే మార్చుకోవచ్చు.

వంటగది

గృహ వినియోగ గ్యాసు సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. చిరునామా పత్రాలు సమకూరనివారికి 5 కిలోల చిన్న సిలిండరు కేవలం గుర్తింపు పత్రంతో లభిస్తుంది. విద్యార్థులకు, ఒంటరిగా ఉండేవారికి ఇది అనుకూలం, కాని కిలో లెక్కన ధర ఎక్కువ పడుతుంది. పొయ్యి మీద ఐ.ఎస్. 4246 గుర్తు, ప్రెషరు కుక్కరు మీద ఐ.ఎస్. 2347 గుర్తు చూసి కొనాలి. గ్యాసు గొట్టాన్ని అయిదు సంవత్సరాలకు ఒకసారి తప్పక మార్చాలి. పొదుపు చేయకూడని వస్తువులలో గ్యాసు గొట్టం, రెగ్యులేటరు మొదటివి.

ఇద్దరికి ఒక 3 లీటర్ల కుక్కరు, ఒక మూకుడు, ఒక పెనం, మూతలతో మూడు గిన్నెలు, పాలగిన్నె, రెండు గరిటెలు, అట్లకాడ, చాకు, పీట, కర్ర, నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు, ఆరు డబ్బాలు సరిపోతాయి. స్టీలు గిన్నెలను కొన్ని దుకాణాలలో తూకం మీద అమ్ముతారు. అక్కడ పలుచని గిన్నె చౌకగా కనబడినా త్వరగా మాడుతుంది. వేసవిలో రిఫ్రిజిరేటరు లేనివారు చల్లని నీటికి మట్టి కుండను వాడతారు. కుళాయి అమర్చిన పెద్ద మట్టికుండను ఇక్కడ రంజన్ అంటారు.

విద్యుత్తు

చౌకగా కొన్న విద్యుత్ పరికరం ప్రతి నెలా బిల్లు రూపంలో సొమ్ము తీసుకుంటుంది. సాధారణ సీలింగ్ ఫాను సుమారు 75 వాట్లు వాడుతుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు అవుతాయి. కొత్త రకం బీఎల్‌డీసీ ఫాను సుమారు 30 వాట్లతో అదే పనిని నెలకు 11 యూనిట్ల లోపు చేస్తుంది. అలాగే 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలిగితే యూనిటున్నర కన్నా తక్కువ ఖర్చవుతాయి. ఇంధన సామర్థ్య సంస్థ 2006లో పరికరాలకు నక్షత్రాల గుర్తులు ఇవ్వడం మొదలుపెట్టింది. సీలింగ్ ఫాన్లకు ఈ గుర్తు 2023 జనవరి 1 నుండి తప్పనిసరి అయినది. ఇటువంటి ఫాను సొంతంగా కొన్నవారు ఇల్లు మారేటప్పుడు దానిని విప్పుకొని, యజమాని పాత ఫానును తిరిగి బిగించి వెళ్ళవచ్చు. అందుకు పాత ఫానును జాగ్రత్తగా అటక మీద దాచి ఉంచాలి.

ఏప్రిల్, మే నెలలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గాలిలో తేమ తక్కువగా ఉండే ఆ రోజులలో నీటిని ఆవిరి చేసి చల్లదనం కలిగించే కూలరు బాగా పనిచేస్తుంది. కిటికీ దగ్గర పెట్టి, ఎదురుగా ఉన్న తలుపు కొద్దిగా తెరచి ఉంచితేనే గాలి ఆడుతుంది. వానాకాలంలో తేమ పెరగడం వలన కూలరు వలన ఉక్క ఎక్కువవుతుంది.

బజార్లు

సికింద్రాబాదులో ఇంటి సామాను ఒకే చోట కాక, వీధికి ఒక రకంగా దొరుకుతుంది.

* జనరల్ బజారు: మహాత్మా గాంధీ రోడ్డుకు (పూర్వపు జేమ్స్ స్ట్రీట్) దగ్గరలో ఉన్న బట్టల బజారు. దుప్పట్లు, పరదా గుడ్డలు, తువాళ్ళు ఇక్కడ కొనవచ్చు. ఆషాఢ మాసంలో బట్టల దుకాణాలు ధరలు తగ్గించి అమ్ముతాయి.
* మోండా మార్కెట్: కూరగాయలకు ప్రసిద్ధి. చుట్టుపక్కల వీధులలో పచారీ సరుకులు, చీపుళ్ళు, చేటలు, బుట్టలు, డబ్బాలు దొరుకుతాయి.
* రాణిగంజ్: ఇనుప సామాను, గొట్టాలు, కుళాయిలు, పనిముట్ల బజారు. ఇనుప అరలు, తాళాలు, కొక్కేలు, పరదా కడ్డీల కోసం ఇక్కడికి వస్తారు.
* పాట్ మార్కెట్: పేరులో కుండలు ఉన్నా, నేడు ఇది నగల దుకాణాల వీధి.
* బేగం బజారు: హైదరాబాదులో మూసీ నదికి ఉత్తరాన ఉన్న టోకు బజారు. స్టీలు, ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు చౌక.
* జుమ్మేరాత్ బజారు: ప్రతి గురువారం జరిగే పాత సామానుల సంత. ఎర్రగడ్డలో ఇటువంటి సంత ఆదివారం జరుగుతుంది.
* నుమాయిష్: 1938లో మొదలైన అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలలలో నాంపల్లి మైదానంలో జరుగుతుంది. చేనేత దుప్పట్లు, చెక్క సామాను, వంట సామాను అమ్ముతారు.

స్వీడన్ దేశానికి చెందిన ఐకియా సంస్థ భారత దేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైదరాబాదులోనే తెరిచింది. విడి భాగాలుగా ఇంటికి తెచ్చుకొని బిగించుకొనే సామాను దీని ప్రత్యేకత. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం వరకు వెళ్ళడంతో సికింద్రాబాదు నుండి అక్కడికి నేరుగా ప్రయాణించే వీలు కలిగింది. విడి భాగాల సామాను మోయడానికి సులభం. కాని రంపపు పొట్టుతో చేసిన పలకల సామానును పలుమార్లు విప్పి బిగిస్తే మరల రంధ్రాలు వదులవుతాయి. నీరు తగిలితే పలక ఉబ్బుతుంది. తరచు ఇల్లు మారేవారికి ఇనుము, గట్టి చెక్క, పేము మేలు.

పాత సామాను

సైనిక స్థావరాలలో బదిలీ అయిన అధికారులు తమ సామానును వేలం వేసి వెళ్ళడం బ్రిటిషు కాలం నాటి ఆనవాయితీ. నేడు కూడా బదిలీ అయినవారు, విదేశాలకు వెళ్ళేవారు తమ సామానును తక్కువ ధరకు అమ్ముతారు. పాత టేకు మంచం, బల్ల కొత్త చవక చెక్క సామానుకన్నా ఎక్కువ కాలం మన్నుతాయి. కొనే ముందు చూడవలసినవి:

* చెక్కను వ్రేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తిన్నట్లు.
* కోళ్ళ క్రింద సన్నని పిండి రాలుతుంటే పురుగు ఉన్నట్లు.
* మంచం కీళ్ళు, బీరువా అడుగు భాగం, తాళం, తుప్పు చూడాలి.
* విద్యుత్ పరికరాన్ని నడిపించి చూసి, బిల్లు అడిగి తీసుకోవాలి.

పాత పరుపు, దిండు, మెత్తల సోఫా మాత్రం కొనకపోవడం మంచిది. వీటిలో నల్లులు ఉంటే ఇల్లంతా వ్యాపిస్తాయి. వాటిని వదిలించే ఖర్చు పొదుపు చేసిన సొమ్మును మించుతుంది.

వాయిదాలు, అద్దె సామాను

దుకాణాలు "వడ్డీ లేని వాయిదా" అని ప్రకటిస్తాయి. బ్యాంకులు ఇచ్చే ఇటువంటి పథకాల గురించి భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో సున్నా వడ్డీ అనేదే లేదని, దానిని వేరే రుసుముల రూపంలో వసూలు చేయరాదని ఆదేశించింది. వాయిదాకు కొనేవారు రెండు లెక్కలు చూడాలి. 12,000 రూపాయల వస్తువుకు నగదు ఇస్తే 1,000 తగ్గింపు వచ్చేదై, వాయిదాకు 300 రూపాయల రుసుము ఉంటే, ఆ అప్పుకు నిజంగా ఇస్తున్నది 1,300 రూపాయలు. నాలుగైదు వస్తువులు ఒకేసారి వాయిదాలకు తీసుకుంటే ప్రతి నెలా జీతం రాగానే పోయే భాగం అద్దెతో సమానం కావచ్చు. ఉద్యోగం మారినా, పోయినా వాయిదా ఆగదు.

మంచం, ఫ్రిజ్ వంటివి నెలసరి అద్దెకు ఇచ్చే సంస్థలు కూడా ఉన్నాయి. నెలకు 1,500 రూపాయల చొప్పున పదకొండు నెలలకు 16,500 రూపాయలు అవుతుంది. ఆ సొమ్ముకు అవే వస్తువులు పాతవి దొరుకుతాయేమో చూసుకోవాలి. కొద్ది నెలలు మాత్రమే ఉండేవారికి అద్దె సామాను లాభం. సంవత్సరం దాటి ఉండేవారికి కొనుక్కోవడమే లాభంగా తేలవచ్చు.

అలంకరణ

అద్దె ఇంటి అలంకరణలో గోడను తాకకుండా చేసేవి ముఖ్యం. పరదా వీటిలో మొదటిది. 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు గల కిటికీకి ముడతలు అందంగా పడాలంటే వెడల్పుకు రెట్టింపు గుడ్డ కావాలి. 4 అడుగుల పన్నా గల గుడ్డలో మడతలతో కలిపి 6 అడుగుల చొప్పున రెండు ముక్కలు, అనగా సుమారు 4 మీటర్లు సరిపోతుంది. పడమటి కిటికీకి ముదురు రంగు మందపు గుడ్డ వేస్తే సాయంత్రపు ఎండ తగ్గుతుంది. పాత పత్తి చీరతో కూడా పరదాలు కుట్టించుకోవచ్చు. కుట్టేటప్పుడు క్రింది అంచులో నాలుగు అంగుళాల మడత అదనంగా వదిలితే తరువాతి ఇంటి కిటికీ పెద్దదైనా పనికివస్తుంది.

నేలకు వరంగల్ కొత్తవాడ నేతగాళ్ళు నేసే షత్రంజీలు చవకైనవి, ఉతుక్కోగలవి. వీటికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. పోచంపల్లి ఇక్కత్ గుడ్డతో దిండు గలీబులు, బల్ల మీది గుడ్డలు చేసుకోవచ్చు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు ఒకటి రెండు చాలు. అన్నీ ఒకేసారి కొనక, పండుగకో ప్రయాణానికో ఒకటి చొప్పున కొనడం సొమ్ముకు, ఇంటికి కూడా మంచిది.

ఖర్చు లేని అలంకరణ తెలుగు ఇంటికి కొత్త కాదు. గడప ముందు ముగ్గు, గుమ్మానికి మామిడి తోరణం, వరండాలో తులసి కుండీ, గంగాళంలో నీటిపై వేసిన పూలు, వరుసగా సర్దిన పుస్తకాలు ఇందుకు ఉదాహరణలు. డబ్బాలలో పెంచే మనీ ప్లాంటు, కలబంద తక్కువ నీటితో బ్రతుకుతాయి, ఇల్లు మారినప్పుడు వెంట వస్తాయి.

ఆచారాలు

అద్దె ఇల్లు అయినా మంచి రోజు చూసి, పాలు పొంగించి చేరడం వాడుక. ముందుగా దేవుని పటం, పసుపు, కుంకుమ, ఉప్పు, బియ్యం, నీళ్ళ బిందె ఇంటిలోకి తెస్తారు. ఆషాఢం, పుష్యం వంటి శూన్యమాసాలలో చాలా కుటుంబాలు ఇల్లు మారవు. ఆ పట్టింపు లేనివారికి ఆ నెలలలో ఖాళీ ఇళ్ళు బేరానికి సులువుగా దొరుకుతాయి. పెళ్ళి సమయంలో బంధువులు ఇచ్చే కానుకలలో ఒకే రకం వస్తువులు పలుమార్లు రావడం సాధారణం. కావలసిన వస్తువుల జాబితాను దగ్గరివారికి ముందే చెప్పడం ఇప్పుడు తప్పుగా భావించబడడం లేదు.

ఇల్లు ఖాళీ చేయుట

ఖాళీ చేయడానికి ఒప్పందంలో వ్రాసుకున్న గడువు ముందుగా, సాధారణంగా ఒక నెల ముందు, యజమానికి తెలియజేయాలి. కరెంటు, నీటి, నిర్వహణ బిల్లులు చెల్లించి రసీదులు ఉంచుకోవాలి. చేరిన రోజు తీసిన ఫోటోలను ఇప్పటి గోడలతో పోల్చి చూపితే అడ్వాన్సు విషయంలో తగవు తగ్గుతుంది. బండిలోకి పట్టని వస్తువులను తరువాత వచ్చే అద్దెదారుకే అమ్మడం ఇద్దరికీ లాభం. రవాణా ఖర్చు ఇద్దరికీ తప్పుతుంది. కొత్త వస్తువు విషయంలో దుకాణదారుతో వివాదం ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకోసం బిల్లులు, వారంటీ కార్డులు ఒక సంచిలో వేసి, ఇల్లు మారినప్పుడు సామానుతో కాక చేతిలోనే తీసుకుపోవాలి.